విజయవాడలో పొద్దున కనిపించేది మంచా, పొగా? ముందు గాలి దిక్కు రాయండి

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. దసరా అయినప్పటి నుంచి విజయవాడలో మీ డాబా మీద రోజూ వాతావరణం రాసుకుంటున్నారు. ఒకరోజు పొద్దున్నే ఊరంతా మసక, మర్నాడు మధ్యాహ్నం కుండపోత, ఆ మర్నాడు ఏమీ జరగనట్టు ఎండ. మసక మంచో పొగో తేలడం లేదు. యాప్ చెప్పేది ఒకటి, జరిగేది ఇంకొకటి. పేజీలు నిండుతున్నాయి కానీ వాటిలోంచి ఏమీ అర్థం కావడం లేదు. ఏం కొనాలి, ఏం చూడాలి, ఏం రాయాలి?

మీరు ఇచ్చిన నమూనా పేజీ చూశాను. ఉష్ణోగ్రత ఉంది, వాన ఉంది, "మబ్బు", "ఎండ" అని ఉంది. గాలి లేదు. చిక్కంతా అక్కడే ఉంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మన ఊళ్ళో జరిగేదంతా గాలి మారడం వల్ల జరిగేదే. ఈ రోజు మన మీద ఉన్నది సముద్రం మీద నుంచి వచ్చిన గాలా, ఉత్తరాన భూమి మీద నుంచి దిగిన గాలా, లేక ఎటూ కదలకుండా నిలబడిపోయిన గాలా? ఈ ఒక్కటి తెలిస్తే పొగ, మంచు, వాన మూడింటికీ కారణం దొరుకుతుంది. అందుకే నా సమాధానంలో ఎక్కువ భాగం గాలి చుట్టూనే తిరుగుతుంది.

ముందు ఈ కాలం సంగతి కొంచెం చెప్తాను. నైరుతి రుతుపవనాలు మామూలుగా అక్టోబరు మధ్యకల్లా వెనక్కి వెళ్ళిపోతాయి. 20వ తేదీ అటూఇటుగా ఈశాన్య రుతుపవనాలు వస్తాయి. నెల్లూరు వాళ్ళకి ఏడాది వానలో పెద్ద వాటా ఈశాన్యానిదే. మన కృష్ణా, గుంటూరు వైపు మాత్రం పెద్ద వాటా నైరుతిది. మనకి ఈశాన్య కాలపు వాన రోజూ కొంచెం కొంచెంగా పడదు. బంగాళాఖాతంలో అల్పపీడనమో వాయుగుండమో ఏర్పడినప్పుడు రెండు మూడు రోజుల్లో గంపగుత్తగా పడిపోతుంది. ఒక వాయుగుండం వెళ్ళి ఇంకొకటి వచ్చేదాకా మధ్యలో పొడి రోజులు ఉంటాయి. పొగ పేరుకునేది ఆ పొడి రోజుల్లోనే. మీరు "నిలకడ లేని వాతావరణం" అని రాసింది అసలు ఈ కాలపు స్వభావమే. ఈ ఏడాది కొత్తగా వచ్చిందేమీ కాదు.

నైరుతి వెళ్ళి ఈశాన్యం ఇంకా కుదురుకోని ఆ పది పదిహేను రోజులు దాదాపు చిత్త కార్తెలో పడతాయి. "చిత్త చినుకు చిత్తమున్న చోట పడుతుంది" అని పెద్దవాళ్ళు అనడం వినే ఉంటారు. గాలిలో బలం లేనప్పుడు మధ్యాహ్నపు ఎండకి లేచిన ఉరుముల మబ్బు లేచిన చోటే నిలబడి కురుస్తుంది. అందుకే బెంజి సర్కిల్ దగ్గర మోకాలి లోతు నీళ్ళు నిలిచిన సాయంత్రం భవానీపురంలో రోడ్డు పొడిగా ఉంటుంది. ఆ రోజుల్లో యాప్ తప్పిందని దాన్ని తిట్టుకోవద్దు. నాలుగైదు కిలోమీటర్ల మబ్బు ఏ వీధి మీద లేస్తుందో ముందురోజే చెప్పగలిగే పద్ధతి ఎవరి దగ్గరా లేదు.

ఇక మసక సంగతి. ఇది కాస్త వివరంగా చెప్పాలి.

మబ్బులేని రాత్రి, గాలి కదలకపోతే నేల త్వరగా చల్లబడుతుంది. నేలని ఆనుకుని ఉన్న గాలి కూడా చల్లబడి బరువెక్కి కిందే ఉండిపోతుంది. దాని పైన కొన్ని పదుల మీటర్ల నుంచి రెండు మూడు వందల మీటర్ల ఎత్తులో గాలి ఇంకా వెచ్చగానే ఉంటుంది. మామూలుగా పైకి వెళ్ళేకొద్దీ చల్లగా ఉండాల్సింది ఇక్కడ తలకిందులవుతుంది. ఆ వెచ్చని పొర మూతలా పనిచేస్తుంది. కింద పుట్టిన పొగ, దుమ్ము, తేమ దాన్ని దాటి పైకి పోలేవు. పైగా మన ఊరికి కొండలున్నాయి. ఇంద్రకీలాద్రి, మొగల్రాజపురం, గుణదల కొండల వాలుల నుంచి రాత్రి చల్లగాలి కిందికి జారి కృష్ణ ఏటి వైపు, పల్లపు కాలనీల వైపు చేరుతుంది. కొండ మీద ఇళ్ళలో లేని పొగ వాసన కింద వీధిలో రావడానికి కారణం ఇదే.

ఈ మూతని కళ్ళతో చూడాలంటే ఒక దారి ఉంది. ఇబ్రహీంపట్నం వైపు పొడవాటి చిమ్నీలు కనిపించే చోట పొద్దున ఆరింటికి నిలబడండి. పొగ కొంత దూరం పైకి లేచి, అక్కడి నుంచి ఎవరో పట్టుకుని లాగినట్టు బల్లపరుపుగా సాగిపోతుంటుంది. మూత గట్టిగా ఉందని దానర్థం. తొమ్మిది ఆ ప్రాంతంలో మళ్ళీ చూస్తే పొగ అంచులు చెదిరి కిందికి దిగుతుంటాయి. పన్నెండింటికి పెద్ద పెద్ద మెలికలు తిరుగుతూ పైకీ కిందికీ ఊగుతుంది. అప్పటికి మూత తెరుచుకుంది. చిమ్నీ కనిపించని చోట ఉంటే ఏటి అవతల ఎవరో చెత్త తగలబెట్టిన పొగైనా ఇదే చెప్తుంది.

"తెల్లారుజాము కంటే ఎనిమిదింటికే పొగ ఎక్కువగా ఉంటోంది, ఎండ వచ్చాక తగ్గాలి కదా" అని అడిగారు. దానికి జవాబు ఆ తొమ్మిది గంటల దృశ్యంలోనే ఉంది. రాత్రంతా పైన ఒక పొరగా నిలిచిన పొగ, ఎండకి నేల వేడెక్కి గాలి కలబడడం మొదలవగానే కిందికి దిగుతుంది. అదే సమయానికి బళ్ళ రద్దీ, స్కూలు బస్సులు, టిఫిన్ బండ్ల పొయ్యిలు కూడా తోడవుతాయి. గంటా రెండు గంటల్లో గాలి ఇంకా పైకి కలిసిపోయి పలచబడుతుంది. పెద్దవాళ్ళ వాకింగు, ఉబ్బసం ఉన్న పిల్లల ఆటలు ఈ ఏడు నుంచి తొమ్మిది మధ్య పెట్టుకోవద్దని నేను గట్టిగా చెప్తాను. పొగ రోజుల్లో సాయంత్రం నాలుగు, అయిదు మధ్య మేలు.

మంచో పొగో తేల్చడానికి నేను వాడే పద్ధతులు చెప్తాను. అన్నిటికంటే నమ్మకమైనది తడి, పొడి థర్మామీటర్ల జత. ఒకే రకం థర్మామీటర్లు రెండు కొని, ఒకదాని బల్బుకి ఉతికిన నూలుగుడ్డ చుట్టి, గుడ్డ కొసని చిన్న సీసాలో నీళ్ళలో పెట్టండి. రెండూ దాదాపు ఒకే అంకె చూపిస్తే గాలి తేమతో నిండి ఉన్నట్టు. పొడిది 22 డిగ్రీలు, తడిది 21.5 ఉంటే తేమ 95 శాతం దగ్గర ఉంటుంది. అప్పుడు కనిపించే మసకలో నీటి బిందువుల వాటా పెద్దది. అదే పొడిది 22, తడిది 18 ఉంటే తేమ 65, 70 శాతం మధ్య. ఆ తేమలో పొగమంచు ఏర్పడదు. మీరు చూస్తున్నది పొగా దుమ్మే. రెండో దారి రంగు. మంచు అన్ని దిక్కులా తెల్లగా, బూడిదగా ఉంటుంది. పొగ సూర్యుడి వైపు చూస్తే ఎర్రగా, గోధుమగా, సూర్యుడికి ఎదురుగా నల్లటి కొండ ముందు చూస్తే నీలంగా కనిపిస్తుంది. మూడోది అందరికీ వీలయ్యేది. రాత్రి బయట పెట్టిన స్కూటర్ అద్దాన్ని పొద్దున తెల్ల గుడ్డతో ఒకసారి తుడవండి. గుడ్డ తడిసి తెల్లగానే ఉంటే అది మంచు. తడిసి నల్లటి చార పడితే మంచు, పొగ రెండూ దిగాయి. మన ఊళ్ళో నవంబరు నెలాఖరు నుంచి ఎక్కువగా చూసేది ఈ రెండూ కలిసినదే. పొగ రేణువుల చుట్టూ నీరు చేరి మసక ఇంకా చిక్కనవుతుంది.

ఎంత చిక్కగా ఉందో కూడా రాయాలి. "బాగా మసక" అంటే నెల తర్వాత మీకే అర్థం కాదు. దూరాలు తెలిసిన గుర్తులు పెట్టుకోండి. వాతావరణ శాఖ లెక్కలో కిలోమీటరు లోపే చూపు ఆగిపోతే అది పొగమంచు. మన అదృష్టం కొద్దీ ప్రకాశం బ్యారేజీ పొడవు 1,223 మీటర్ల పైచిలుకు. సీతానగరం కొసన నిలబడి చూస్తే అవతలి కొసన గేట్ల పైభాగం, దాని వెనక ఇంద్రకీలాద్రి కనిపిస్తున్నాయా లేదా అన్నదే మీ మొదటి కొలత. బ్యారేజీ సగంలో కరిగిపోతే ఆరేడు వందల మీటర్లు. అవతలి ఒడ్డు కనిపించి మంగళగిరి కొండ కనిపించకపోతే పది కిలోమీటర్ల లోపు. కొండపల్లి కొండలు అంచులతో సహా తేటగా కనిపిస్తే ఆ రోజు గాలి శుభ్రంగా ఉన్నట్టే. గుంటూరులో ఉన్నవాళ్ళకి ఏరు లేదు, పడమర పేరేచర్ల గుట్టలు ఉన్నాయి. తేటగా ఉన్న రోజు కొండవీడు కొండల గీత కూడా అందుతుంది. రోజూ ఒకే చోట నుంచి, ఒకే సమయానికి చూడడం ముఖ్యం.

ఏటి మీద మాత్రం ఒక తేడా గమనించండి. బ్యారేజీ ఎగువన నిలిచిన నీరు చలి రాత్రి కూడా వెచ్చగా ఉంటుంది. దాని మీదికి చల్లగాలి జారినప్పుడు నీటి మీద నుంచి ఆవిరి పాయలు పాయలుగా లేస్తుంది. కార్తీక స్నానాలకి వెళ్ళినవాళ్ళు చూసేది అదే. అది ఏటి మీద పుట్టి ఏటి మీదే పోతుంది. ఊరి మసక లెక్కలో కలపొద్దు.

పొగ ఎక్కడి నుంచి వస్తుందన్న ప్రశ్నకి మళ్ళీ గాలే జవాబు. బళ్ళు, చెత్త మంటలు, ఆకులు ఊడ్చి తగలబెట్టడం, చలిమంటలు ఊళ్ళోవే. నవంబరు రెండో సగం నుంచి వరి కోతలు మొదలయ్యాక పొలాల పొగ కలుస్తుంది. డెల్టాలో పాత పద్ధతిలో కోతకి రెండు మూడు రోజుల ముందు వరిలోనే మినుమో పెసరో చల్లేవారు. కింద మొలక ఉంటుంది కాబట్టి ఎవరూ నిప్పు పెట్టరు. గడ్డి కుప్పేసి వాము వేసుకునేవారు, పశువులకి పనికొచ్చేది. హార్వెస్టర్‌తో కోసినప్పుడు గడ్డి ముక్కలై పొలమంతా చెల్లాచెదురవుతుంది, మోళ్ళు ఎత్తుగా మిగులుతాయి, తర్వాతి పంటకి టైము ఉండదు. కూలీ ఖర్చు చూసుకుని రైతు అగ్గిపుల్ల గీస్తాడు. రైతుని తప్పుపట్టి లాభం లేదు. గడ్డిని చుట్టి కట్టే బేలర్ ఊరికి సరిపడా, అందుబాటు అద్దెకి దొరికితే ఆ మంట సగం ఆగుతుందని నా నమ్మకం. మంట పెట్టేది మధ్యాహ్నం మూడు తర్వాత. అయిదున్నరకి పొద్దు కుంకుతుంది, ఆ వెంటనే మూత పడుతుంది. అందుకే వాసన మనకి రాత్రి ఏడు, ఎనిమిదింటికి తగులుతుంది. గాలి ఈశాన్యం నుంచి ఉంటే గన్నవరం, నూజివీడు వైపుది. తూర్పు నుంచి ఉంటే గుడివాడ వైపుది. గుంటూరు వాళ్ళకి అదే గాలి మంగళగిరి, తెనాలి వైపు నుంచి తెస్తుంది.

దీపావళి రాత్రి పొగ కూడా తేదీని బట్టి మారుతుంది. 2023లో పండగ నవంబరు 12న, 2024లో అక్టోబరు 31న, 2025లో అక్టోబరు 20న వచ్చింది. అక్టోబరులో వస్తే మబ్బు, తేమగాలి ఉండే అవకాశం ఎక్కువ. రాత్రి నేల అంతగా చల్లబడదు, మూత బలంగా పడదు. నవంబరు మధ్యలో వస్తే అవే టపాసుల పొగ తెల్లారేదాకా వీధిలోనే ఉంటుంది. రెండు ఏళ్ళ దీపావళులని పోల్చేటప్పుడు టపాసులు తగ్గాయా పెరిగాయా అనేముందు ఆ రాత్రి గాలి ఎలా ఉందో చూడాలి.

గాలి చూడడానికి ఖరీదైన పరికరం అక్కర్లేదు. డాబా మీద పిట్టగోడకి దూరంగా ఒక వెదురు కర్ర నిలబెట్టి, కొసకి పలచటి నూలు పీలిక కట్టండి. పీలిక కదలని పొద్దుల్లో అగరబత్తి వెలిగించి పొగ ఎటు వంగుతుందో చూడండి. నిటారుగా లేస్తే "నిలకడ" అని రాయండి, అదీ ఒక కొలతే. చుట్టూ అపార్ట్‌మెంట్లు ఉంటే కింద గాలి సుడులు తిరిగి మోసం చేస్తుంది. అలాంటి చోట తక్కువ ఎత్తులో పోయే మబ్బులు ఎటు కదులుతున్నాయో మధ్యాహ్నం ఒకసారి చూసి అదే దిక్కుగా రాసుకోవడం మంచిది. ఆకులు గలగలలాడితే గంటకి 6 నుంచి 11 కిలోమీటర్లు. చిన్న కొమ్మలు ఊగితే 20 నుంచి 28. చెట్లు మొదలంటా ఊగుతూ, ఎదురు నడవడం కష్టమైతే 50 నుంచి 61. వాతావరణ శాఖ "తీవ్ర వాయుగుండం" అనేది సరిగ్గా ఈ వేగం ఉన్న సుడికే. 62 దాటితే తుపాను.

తుపాను రోజుల్లో గాలి దిక్కు చదవడం వస్తే యాప్‌లకంటే ముందే మీకు సంగతి అర్థమవుతుంది. గాలి వీపుకి తగిలేలా నిలబడండి. అల్పపీడన కేంద్రం మీ ఎడమ చేతి వైపు, కాస్త ముందుకి ఉంటుంది. మన అర్ధగోళంలో సుడి అపసవ్యంగా తిరుగుతుంది కాబట్టి ఇలా కుదురుతుంది. బంగాళాఖాతంలో ఆగ్నేయాన వాయుగుండం ఉన్నప్పుడు మనకి గాలి ఈశాన్యం నుంచి వస్తుంది. అక్కడి నుంచి గాలి ఎటు తిరుగుతుందన్నదే అసలు సంగతి. ఈశాన్యం నుంచి తూర్పుకి, తూర్పు నుంచి ఆగ్నేయానికి తిరిగితే కేంద్రం మనకి దక్షిణంగా, పడమరగా దాటుతోంది. సముద్రపు తేమ నేరుగా మన మీదికి వస్తుంది, వాన ఎక్కువ. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటి ఉత్తరంగా వెళ్ళినప్పుడు మనం ఆ వైపు ఉన్నాం. అలా కాకుండా గాలి ఈశాన్యం నుంచి ఉత్తరానికి, వాయవ్యానికి, పడమరకి తిరిగితే కేంద్రం మనకి తూర్పుగా, ఉత్తరంగా పోతోంది. 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుపాను నరసాపురం దగ్గర తీరం దాటినప్పుడు మనం ఈ వైపు పడ్డాం. గాలి వాయవ్యానికి తిరిగిందంటే కేంద్రం దాటిపోతోందని, ఇక మెల్లగా సర్దుకుంటుందని అర్థం. అయితే ఎగువన వాన కొనసాగవచ్చు. మొంథా మిగులు వరంగల్ వైపుని ముంచింది.

బారోమీటర్ కొనాలా అన్నారు. కొన్ని ఫోన్లలో పీడనం కొలిచే సెన్సర్ ఉంటుంది, అది చాలు. కానీ చదివే పద్ధతి తెలియాలి. మన ప్రాంతంలో పీడనం రోజూ తనంతట తానే ఎక్కి దిగుతుంది. పొద్దున పదింటికి, రాత్రి పదింటికి ఎక్కువ. తెల్లారుజామున నాలుగింటికి, సాయంత్రం నాలుగింటికి తక్కువ. ఈ తేడా మూడు నాలుగు మిల్లీబార్లు ఉంటుంది. పదింటికి 1012 చూసి నాలుగింటికి 1008 చూస్తే చాలామందికి టెన్షన్ పట్టుకుంటుంది. అది మామూలు రోజే. ఎప్పుడూ నిన్న ఇదే గంటకి ఎంత ఉందో దానితోనే పోల్చండి. నిన్న పదింటికంటే ఇవాళ పదింటికి రెండు మిల్లీబార్లు తగ్గితే గమనించాలి. మూడు దాటి తగ్గుతూ, గాలి ఈశాన్యంలో బలపడుతుంటే బులెటిన్లు ప్రతి మూడు గంటలకీ చూడాలి. నాలుగో అంతస్తు నుంచి కింది వాటాలోకి మారి చదివితే దాదాపు మిల్లీబార్ తేడా వస్తుంది, ఎనిమిది మీటర్లకి సుమారు ఒకటి. అందుకే ఎప్పుడూ ఒకే చోట చదవండి.

తుపానుకి ముందు రోజు గాలి పూర్తిగా పడిపోయి, ఎండ మండి, ఉక్కపోసి, పొగ కూడా పేరుకోవచ్చు. సుడి చుట్టూ లేచిన గాలి దూరంగా ఎక్కడో కిందికి దిగాలి. ఆ దిగే చోట మనం ఉంటే మబ్బు లేవదు. "ఇంత ఎండ కాస్తుంటే తుపానేంటి" అని ఆ రోజే చాలామంది అంటారు. మసక ఉన్న ఆకాశంలోనే ఆగ్నేయం నుంచి పలచటి దూదిపింజల్లాంటి ఎత్తు మబ్బులు పాయలుగా రావడం కనిపిస్తే ఆ మాట నమ్మకండి.

ఇక్కడే వరదగుడి గురించి చెప్పాలి. చంద్రుడి చుట్టూ పడే వలయాన్ని మన పెద్దవాళ్ళు చూసి "దూరపు గుడి దగ్గర వాన, దగ్గర గుడి దూరపు వాన" అన్నారు. ఇది గుడ్డి నమ్మకం కాదు. పెద్ద వలయం చాలా ఎత్తున ఉండే మంచు స్ఫటికాల మబ్బు వల్ల పడుతుంది. చేయి చాపి జానెడు పడితే, బొటనవేలి కొస చంద్రుడి మీద, చిటికెన వేలి కొస వలయం మీద పడుతుంది, అంటే సుమారు 22 డిగ్రీలు. అలాంటి పలచటి ఎత్తు మబ్బు తెర తరచుగా వాయుగుండానికి ముందు పరుచుకుంటుంది. చంద్రుడిని అంటిపెట్టుకుని, రంగులు తేలుతూ ఉండే చిన్న వలయం నీటి బిందువుల మబ్బుది. అది మామూలు రాత్రుల్లోనూ ఉంటుంది. వలయం ఏమీ లేకుండా చంద్రుడు రాగి రంగులో ఉంటే అది పొగ. ఈ మూడూ వేరువేరుగా రాయండి. పెద్ద గుడి పడిన ప్రతిసారీ వాన రాదు. గుడి పడి, పీడనం తగ్గి, గాలి ఈశాన్యంలో ఉంటే మాత్రం నేను బట్టలు లోపల పెట్టించేస్తాను.

వాన కొలత తేలిక. నేరుగా ఉన్న సీసా, దానికి గరాటు చాలు. గరాటు నోటి వ్యాసం 20 సెంటీమీటర్లయితే వైశాల్యం 314 చదరపు సెంటీమీటర్లు. 314 మిల్లీలీటర్లు చేరితే 10 మిల్లీమీటర్ల వాన. చెట్టుకీ గోడకీ వాటి ఎత్తుకి కనీసం రెండింతల దూరంలో పెట్టండి. రోజూ పొద్దున 8.30కే కొలవండి, ఎందుకంటే వాతావరణ శాఖ 24 గంటల లెక్క ఆ సమయానికే ముగుస్తుంది. అప్పుడే గన్నవరం విమానాశ్రయం దగ్గర వాతావరణ శాఖ కొలిచిన అంకెతో మీది పోల్చగలరు. 2.5 మిల్లీమీటర్లు దాటితే వాన రోజు, 64.5 దాటితే భారీ, 115.6 నుంచి అతి భారీ, 204.5 నుంచి అత్యంత భారీ. ఒక్క జాగ్రత్త. మీ సీసా చెప్పేది మీ డాబా మీద పడిన వాన మాత్రమే. 2024 సెప్టెంబరు మొదట్లో సింగ్‌నగర్ మునగడానికి ఊళ్ళో పడిన వాన ఒక్కటే కారణం కాదు. మైలవరం వైపు కొండల మీద పడిన నీళ్ళు బుడమేరు వాగులో వచ్చి గండ్లు పడ్డాయి. అదే సమయంలో ప్రకాశం బ్యారేజీకి 11 లక్షల క్యూసెక్కులు దాటి వరద వచ్చింది. పల్లపు కాలనీలో ఉంటే ఎగువ మండలాల వాన అంకెలు మీ సొంత అంకె కంటే ముఖ్యం.

థర్మామీటర్ గురించి ఒక్క మాట. డాబా గచ్చు రాత్రంతా వేడి కక్కుతుంది, ఏసీ అవుట్‌డోర్ యూనిట్ పక్కన ఇంకా ఎక్కువ. గచ్చుకి మనిషి ఛాతీ ఎత్తున, ఉత్తరం వైపు, ఎండ తగలకుండా గాలి ఆడే తెల్ల పెట్టెలో పెట్టండి.

గాలి నాణ్యత సెన్సర్ కొంటే రెండు విషయాలు మనసులో పెట్టుకోండి. ఇళ్ళలో వాడే లేజర్ సెన్సర్లు తేమ 80 శాతం దాటితే ఎక్కువ చూపిస్తాయి. నీరు తాగి ఉబ్బిన రేణువుని, మంచు బిందువుని కూడా అవి పొగ రేణువుగానే లెక్కేస్తాయి. అందుకే పొద్దున ఆరింటి అంకె పక్కన తడి, పొడి థర్మామీటర్ల అంకెలు తప్పక ఉండాలి. రెండోది, కాలుష్య నియంత్రణ మండలి ప్రకటించే గాలి నాణ్యత సూచిక రేణువుల విషయంలో 24 గంటల సగటు. రాత్రి ఎనిమిదింటికి మీ వీధిలో కళ్ళు మండుతున్నా సూచిక "మితం" అనే చూపించవచ్చు. అబద్ధం కాదు, అది రోజంతటి లెక్క. 2.5 మైక్రాన్ల లోపు రేణువులకి మన దేశపు 24 గంటల పరిమితి ఘనపు మీటరుకి 60 మైక్రోగ్రాములు, ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో పెట్టినది 15. గాలి నాణ్యత ప్రమాణాలు అందుకోని నగరాలుగా 2019లో మొదలైన జాతీయ స్వచ్ఛ గాలి కార్యక్రమంలో విజయవాడ, గుంటూరు రెండూ ఉన్నాయి. కాబట్టి మీ పుస్తకం కాలక్షేపం అని ఎవరైనా అంటే పట్టించుకోవద్దు.

రాసే పద్ధతికి ఒక నమూనా ఇస్తున్నాను: "పొద్దున 6.30. గాలి నిలకడ, అగరబత్తి పొగ నిటారు. పొడి 21, తడి 19. బ్యారేజీ అవతలి ఒడ్డు కనిపించింది, మంగళగిరి కొండ లేదు. సూర్యుడు ఎర్రగా, కాలిన గడ్డి వాసన. 10.00. పీడనం నిన్నటికంటే 1 ఎక్కువ. గాలి ఉత్తరం, ఆకులు కదిలాయి. మధ్యాహ్నం 3.00. కొండ కనిపించింది." ఇంతే. ఇందులో "మసక" అన్న మాటే లేదు, అయినా ఆ రోజు ఏమిటో ఎవరు చదివినా తెలుస్తుంది. నెల తిరిగాక గాలి దిక్కుని బట్టి రోజుల్ని వేరు చేసి చూడండి. ఉత్తరం రోజులు, తూర్పు రోజులు, నిలకడ రోజులు అని మూడు కట్టలు కట్టండి. పొగంతా ఎక్కువగా మూడో కట్టలోనూ, వానంతా రెండో కట్టలోనూ చేరడం మీరే చూస్తారు.

చివరగా, కంకిపాడు దగ్గర మీ మామయ్య గారు కోతకి ఎప్పుడు దిగాలో మిమ్మల్ని అడుగుతున్నారని రాశారు. గాలి ఉత్తరంలో కుదిరి, తడి, పొడి థర్మామీటర్ల మధ్య తేడా పెరుగుతూ, పది గంటల పీడనం రెండు రోజులుగా తగ్గకుండా ఉంటే పరిస్థితి బాగున్నట్టే. అయినా కోసిన వరి పనల మీద నాలుగైదు రోజులు ఉండాలంటే మీ డాబా చూపు చాలదు. బంగాళాఖాతంలో ఉపరితల ఆవర్తనం (పైగాలిలో సుడి) ఉందా, అది అల్పపీడనంగా మారుతుందా అన్నది అమరావతి వాతావరణ కేంద్రం రోజువారీ బులెటిన్‌లో ఉంటుంది. ముందు అది చదవండి, తర్వాత మీ పుస్తకం చూడండి. రెండూ ఒకటే చెప్తే కోయమనండి. బులెటిన్‌లో ఆవర్తనం ఉండి, మీ దగ్గర గాలి తూర్పుకి తిరగడం మొదలైతే రెండు రోజులు ఆగమనండి. అప్పటికే కోసేసి ఉంటే పనలు ఎత్తించి, కుప్పలేసి, బరకాలు కప్పమనండి.